టేపు అక్క తాళాలు ఇచ్చేసిన ఏడాది

మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఆదివారం ఆరాధనకు కూడా ఒకటి రెండుసార్లు మరిచిపోయి దానితోనే వచ్చేసింది. అప్పటినుంచి సంఘంలో చిన్నాపెద్దా అందరికీ ఆమె టేపు అక్కే. ఒకసారి పాస్టరుగారు ప్రకటనలు చదువుతూ, "బుధవారం స్త్రీల కూడిక మన టేపు అక్క ఇంట్లో" అనేసి నాలుక కరుచుకున్నారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే.

ఇంటి ముందుగదిలో ఆమె దర్జీ పని. రెండు మెషిన్లుండేవి. ఒకదాని మీద తను కుట్టేది, రెండోదాని మీద ఎప్పుడూ దుప్పటి కప్పి ఉండేది. పనికి చేరిన అమ్మాయిలు ఎవరూ మూడు నెలలు మించి నిలవలేదు. "కాజా కుట్టేది ఇలాగేనా? ఇటు తే" అని లాక్కుని తనే కుట్టేసేది. లాక్కున్న కాజా చక్కగానే వచ్చేది. అమ్మాయి మాత్రం మర్నాటినుంచి వచ్చేది కాదు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో తొమ్మిది వేళాకోళాలు. ఒక్కగానొక్క కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

వాళ్ళ సంఘం కూడుకునేది ఒక రంగుల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉన్న పొడవాటి గదిలో. ముప్పైనాలుగు ఇరుకు మెట్లు. ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు. ఏ కాలంలోనైనా కింద దుకాణంలోంచి రంగుల వాసన, టర్పెంటైన్ వాసన పైకి వచ్చేవి. ఆ గదిలో ఆడుకుంటూ పెరిగిన పిల్లలు పరలోకం కూడా అలాగే వాసన వస్తుందని చాలాకాలం నమ్మారు.

పంతొమ్మిదేళ్ళపాటు ఆ సంఘాన్ని పాస్టరుగారు ఒక్కరే నడిపారు. తర్వాత ఆయనకు గుండె నొప్పి వచ్చింది. డాక్టరు సగానికి సగం పని తగ్గించమన్నాడు. చూసుకోవాల్సిన సంఘాలు మరో రెండున్నాయి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన నలుగురిని ఆపి కూర్చోబెట్టారు.

"ఇకమీదట నేను నెలకు ఒక్క ఆదివారమే రాగలను. మిగతా వారాలు మీరే నడపాలి. ఒక్కరు కాదు, నలుగురూ. పంచుకుని చెయ్యండి."

ఆ సంఘంలో అందరూ మంచివాళ్ళే. కానీ అందరూ పల్లకి ఎక్కేవాళ్ళయితే మోసేవాళ్ళెవరు? చివరికి రిటైరైన లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"వాక్యం నేను చెప్తానండీ."

ప్రసంగం చేసే ఆ అవకాశం కోసమే ఆయన నలభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. తాళాలు, మైకు, కుర్చీలు చూసే పని ఎలక్ట్రీషియన్ ఒప్పుకున్నాడు. మందుల షాపులో పనిచేసే అమ్మాయి పిల్లల తరగతి తీసుకుంది. స్త్రీల కూడిక, రోగుల పరామర్శ టేపు అక్కవి. పాస్టరుగారు నాలుగు పనులూ ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించారు. అందరూ చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. మెట్లు దిగుతుంటే టేపు అక్కకు నిజంగానే ఒళ్ళు తేలికపడ్డట్టు అనిపించింది.

మూడో వారం ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చాడు.

"అక్కా, ఆదివారం పొద్దున్నే ఒక మిల్లులో మోటారు పని పడింది. ఈ ఒక్క వారం తాళాలు నీ దగ్గర ఉంచు."

'ఈ ఒక్క వారం' అనే మాటకు ఆయుష్షు ఎక్కువ. ఆ తాళాలు ఆమె సంచిలోనే ఉండిపోయాయి. తాళాలతో పాటు కుర్చీలు, కుర్చీలతో పాటు చీపురు, చీపురుతో పాటు మైకు కూడా ఆమెకే వచ్చాయి.

మందుల షాపు అమ్మాయి నాలుగు వారాలు పిల్లలకు కథలు చెప్పింది. ఐదో వారం గుమ్మంలో నిలబడి వింటున్న టేపు అక్క, "అలా కాదమ్మా, పిల్లలకు అర్థం కావట్లేదు" అని లోపలికెళ్ళి తనే చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు కిలకిలా నవ్వుతూ విన్నారు. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి వింది. రెండు వారాల తర్వాత ఆమెకు షాపులో ఆదివారం డ్యూటీ పడింది.

మాస్టారు మాత్రం ఒక్క వారం కూడా తప్పలేదు. గంటా పది నిమిషాలు చెప్పేవారు. కానీ శనివారం నాడు అరడజను సార్లు ఫోను చేసేవారు. పాటలు ఏవి, చదివేదెవరు, ఫలానావిడకు ఆపరేషన్ అయిందా లేదా అని. "ఒకసారి మీరే ఆసుపత్రికి వెళ్ళి చూసి రాకూడదా మాస్టారూ?" అని అడిగితే ఆయన గొంతు తగ్గించారు. "రోగి మంచం దగ్గర నాకు మాట రాదమ్మా. నిలబడలేను."

ఎనిమిది నెలలు గడిచేసరికి కాగితం మీద నాలుగు పనులూ అలాగే ఉన్నాయి, వాక్యం తప్ప మిగతావన్నీ చేసేది మాత్రం ఆమె ఒక్కతే. పొద్దున ఐదింటికి లేచి మెషిన్ మీద కూర్చునేది. మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళేది. సాయంత్రం మళ్ళీ మెషిను. కుడి భుజం దగ్గర మొదలైన నొప్పి మెడ దాకా పాకి అక్కడే కాపురం పెట్టింది. ఆదివారం ముప్పైనాలుగు మెట్లెక్కి తలుపు తీశాక, కుర్చీలు పరచడానికి ముందు ఒక కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకునేది. అది ప్రార్థన కాదని ఆమెకు తెలుసు.

ఒకరోజు ఒక స్కూలు కోటుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. ఇరవై ఆరేళ్ళ పనిలో అలాంటి తప్పు ఎన్నడూ చేయలేదు. ఆ రెండు ముక్కలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది. భర్త వచ్చి భుజం మీదుగా చూశాడు.

"పిల్లాడికి రెండూ ఎడమ చేతులేనేమో, కనుక్కో" అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ప్రతి గురువారం మూడింటికి ఆమె, సంఘమంతా ఎక్స్ఛేంజి అత్తమ్మ అని పిలిచే పెద్దావిడ ఇంటికి వెళ్ళాలి. అత్తమ్మ ముప్పైఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. తుంటి విరిగి రెండేళ్ళుగా కిటికీ పక్కన మంచం మీదే ఉంది. ఆవిడ కోడలు ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రం ఐదింటికి గానీ రాదు. అత్తమ్మకు కాళ్ళు లేవవు గానీ గొంతు మాత్రం కంచు.

ఆ గురువారం టేపు అక్క వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. మందులు వేసుకున్నారా అని అడిగింది. వేసుకున్నానంది అత్తమ్మ. సరే, ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంది. "ప్రభువా" అన్నది ఆమెకు గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి ఎండ కిటికీ మీంచి గోడ మీదికి జరిగింది. తన చేతిసంచి అత్తమ్మ మంచం మీదుంది. చేతికర్ర వంకీతో లాక్కుని ఉంటుంది. తన ఫోను అత్తమ్మ చెవి దగ్గరుంది.

"లేరండీ. విషయం నాతో చెప్పండి... ఊఁ... దానికి ఆవిడెందుకు? కీర్తన పుస్తకాలకు అట్టలు మీరు వెయ్యలేరా? మంచిది. ఉంటాను." ఫోను దించి ఇటు చూసింది. "లేచావా? గంటన్నర పడుకున్నావు. గురక కూడా పెట్టావు."

టేపు అక్కకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "లేపకూడదా అత్తమ్మా?"

"లేపితే ఏం చేస్తావు? నా కోసం ప్రార్థన చేస్తావు. అది నేనే చేసుకోగలనమ్మాయ్. నీ బదులు నిద్ర మాత్రం నేను పోలేను కదా!"

"ఎంతమంది చేశారు?"

"ఆరుగురు. రేపు వడ్రంగి వస్తాడట, తలుపు తీసి ఉంచుతావా అని మీ ఎలక్ట్రీషియన్ అడిగాడు. తాళాలు ఒక పూట తీసుకుని నువ్వే వెళ్ళి తియ్యి అన్నాను."

"ఒప్పుకున్నాడా?"

"నేను అడగలేదు. చెప్పాను."

టేపు అక్క లేచి సంచి తీసుకుంది. "నన్నడక్కుండా నా ఫోను ఎత్తడమేంటి అత్తమ్మా? ఇప్పుడు వాళ్ళంతా ఏమనుకుంటారు? ఎనిమిది నెలలుగా ఒక్కరు కూడా వేలు కదపలేదు. అందరూ చేతులు దులుపుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే..."

"దులుపుకున్నారా, నువ్వు లాక్కున్నావా?"

టేపు అక్క సంచి మళ్ళీ కుర్చీ మీద పెట్టింది.

"ఆ మందుల షాపు పిల్ల నాకు మాత్రలు తెచ్చి ఇస్తుంది" అంది అత్తమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "ఆదివారం డ్యూటీ ఆమెకు ఎవరూ వెయ్యలేదు. అడిగి వేయించుకుంది. పిల్లల ముందు చిన్నబోయానత్తమ్మా అని ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. నీతో చెప్పొద్దంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ నీ ముఖం చూశాక ఆగలేకపోయాను."

టేపు అక్క సంచి తీసుకుని వచ్చేసింది. బస్టాపులో నిలబడితే వచ్చింది భర్త నడిపే బస్సే. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. తమ స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన అద్దంలోంచి చూశాడు. చివరి స్టాపులో అందరూ దిగాక ఇంజిను ఆపి వెనక్కి తిరిగాడు.

"దిగవా?"

"కాళ్ళు రావట్లేదండీ."

ఆయన వచ్చి ముందు సీట్లో పక్కకు తిరిగి కూర్చున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఏడ్చింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదా, అదే కదా నేను చేసింది అంది.

"నా బండి ఇంకో డ్రైవరు నడుపుతుంటే నాకూ అంతే" అన్నాడు. "ప్రయాణికుడిలా వెనక కూర్చున్నా నా కాలు నేల మీద బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. వాడు నాలాగా తొక్కడు. అయినా బండి ఇల్లు చేరుతుంది. షిఫ్టు అయిపోతే దిగాలోయ్."

అన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు.

మర్నాడు మందుల షాపుకు వెళ్ళింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. తీరా కౌంటరు దగ్గర ముందు ముగ్గురు, వెనక ఇద్దరు. ఆ అమ్మాయి తలెత్తి, "చెప్పండక్కా, ఏం కావాలి?" అంది. టేపు అక్క దగ్గు మందు అడిగి తీసుకుని వచ్చేసింది. ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు వచ్చే రోజు. ఆరాధన తర్వాత నలుగురినీ కూర్చోమని ఆమే అడిగింది. ఆ అమ్మాయి కూడా షాపు నుంచి భోజన విరామంలో వచ్చింది, తెల్ల కోటు విప్పకుండానే. టేపు అక్క తాళాల గుత్తి తీసి ఖాళీ కుర్చీ మీద పెట్టింది.

"నావల్ల కావట్లేదయ్యగారూ" అంది. ఆ తర్వాత చెప్పాలనుకున్నవన్నీ కలగాపులగమైపోయాయి. తాళాల గురించి చెప్పింది, కోటు చేతుల గురించి చెప్పింది, అత్తమ్మ ఇంట్లో నిద్రపోయిన సంగతి చెప్పింది. మాస్టారు ముఖం గంటు పెట్టుకున్నారు. "అయితే మేమెవరమూ ఏమీ చెయ్యట్లేదంటావు, అంతేనామ్మా?" అన్నారు.

"అది కాదు మాస్టారూ. మీరు చెయ్యబోతే నేను చెయ్యనివ్వలేదు. అదీ నిజమే." ఆమె ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఆ రోజు పిల్లల ముందు నిన్ను తోసేశాను. తప్పయిపోయిందమ్మా."

ఆ అమ్మాయి కోటు గుండీ తిప్పింది. "నాకు కథ చెప్పడం రాదక్కా, నిజమే" అంది. "కానీ నేర్చుకుందామనుకున్నాను. మీరు ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే వచ్చేదేమో."

టేపు అక్క తాళాల గుత్తిని కుర్చీ మీద ఇంకాస్త ముందుకు జరిపింది.

ఎలక్ట్రీషియన్ తల గీరుకుంటూ తాళాలు తీసుకున్నాడు. "మిల్లు పని ఎప్పుడో అయిపోయిందక్కా. తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు. నువ్వేమో కుర్చీలు నాకంటే తిన్నగా వేస్తున్నావు."

అప్పుడు టేపు అక్క ఇంకో మాట అంది. ఫోన్ల పని, ఎవరికి ఏ వారం ఏ పని అని గుర్తుచేసే పని, ఎవరింట్లో ఎవరికి బాగోలేదో కనుక్కునే పని ఎక్స్ఛేంజి అత్తమ్మకు ఇద్దామని. మాస్టారు ఉలిక్కిపడ్డారు.

"రెండేళ్ళుగా గుడి మెట్టెక్కని మనిషి సంఘాన్ని నడిపిస్తుందా?"

"మెట్లెక్కే మనందరం కలిసి ఎనిమిది నెలలు ఏం నడిపాం మాస్టారూ?" అన్నారు పాస్టరుగారు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అలిసిపోయిన మనిషి ఇంకో అలిసిపోయిన మనిషితో అన్నట్టు అన్నారు. అక్కడికక్కడే అత్తమ్మకు ఫోను చేసి అడిగారు. అవతలనుంచి గది అంతా వినపడేలా జవాబు వచ్చింది.

"రేపటినుంచా, ఇవాళ్టినుంచా?"

తర్వాత అన్నీ చక్కబడిపోయాయని చెప్తే అబద్ధమవుతుంది. రెండో ఆదివారమే ఎలక్ట్రీషియన్ నిద్రలేవలేదు. యాభై మంది మెట్ల మీద ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అందరూ టేపు అక్క వైపే చూశారు. ఆమె మెట్ల మధ్యలో గోడకు భుజం ఆనించి నిలబడింది. పావుగంట తర్వాత అతను చొక్కా తిరగేసి తొడుక్కుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పటికే అత్తమ్మ ఫోనులో అతన్ని ఉతికి ఆరేసింది. ఆ తర్వాత అతను ఆలస్యం చేయలేదు. దేవుడి భయమా అత్తమ్మ భయమా అంటే అతను నవ్వేవాడు, చెప్పేవాడు కాదు.

పిల్లల తరగతికి ఆ అమ్మాయి నెలలో రెండు వారాలు రావడం మొదలుపెట్టింది. కథలు ఇంకా తడబడుతూనే చెప్పేది. ఆ వేళకు టేపు అక్క కావాలనే గదిలో ఆ చివరన కూర్చునేది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం చూసి ఒకరిద్దరు నవ్వారు.

మాస్టారికి అత్తమ్మ గురువారం మూడింటికి తన దగ్గరికి వచ్చే వంతు వేసింది. "మాట రాదంటున్నారటగా? మాట లేకుండానే రండి. మాటలు నా దగ్గర బోలెడున్నాయి." ఆయన మొదటిసారి వెళ్ళి ఇరవై నిమిషాలు బిగుసుకుని కూర్చుని వచ్చేశారట. రెండోసారి కిటికీ రెక్క బిగుసుకుపోతే తీసి నూనె పెట్టారట. ప్రసంగం మాత్రం పది నిమిషాలే తగ్గింది. ఆ పదీ చాలామంది గమనించి స్తోత్రం చెప్పుకున్నారు.

టేపు అక్క అలసట మాత్రం వెంటనే దిగలేదు. పని తగ్గాక ఇంకా ఎక్కువైనట్టుండేది. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దాకా లేవలేకపోయేది. "ఇదేంటండీ, చేసినన్నాళ్ళూ బానే ఉన్నాను కదా" అనేది. "బండి ఆపాకే ఇంజిను వేడి తెలిసేది" అనేవాడు భర్త.

ఆ ఏడాది చివర్లో వాళ్ళ సంఘంలో సైకిళ్ళు బాగుచేసే తాత చనిపోయాడు. టేపు అక్కకు అదే వారం నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె లేకుండా జరిగిన మొదటి భూస్థాపన అది. ఎలక్ట్రీషియన్ వ్యాను మాట్లాడాడు. మందుల షాపు అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టి తాత భార్య పక్కనే ఉంది. పాస్టరుగారు రాలేకపోతే మాస్టారే నడిపించారు. సమాధి దగ్గర తడబడి తాత పేరుకు బదులు తాత తమ్ముడి పేరు చదివేశారట. ఆ తమ్ముడు అక్కడే నిలబడి, "నేనింకా ఉన్నాను మాస్టారూ" అన్నాడట. ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు, నవ్వుతూ మళ్ళీ ఏడ్చారు. భర్త వచ్చి ఇదంతా చెప్తుంటే టేపు అక్క గోడవైపు తిరిగి పడుకుని వింది. నేనైతే ఆ తప్పు జరగనిచ్చేదాన్ని కాదు అనుకుంది. ఆ వెంటనే, జరిగితే మాత్రం ఏమైంది అని కూడా అనుకుంది. రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటుండగానే నిద్రపట్టేసింది.

పది రోజులకు నడుము సర్దుకుంది. నెమ్మదిగా నడుచుకుంటూ తాత భార్యను చూడటానికి వెళ్ళింది. గడప దాటగానే ఆమె కళ్ళు అలవాటుగా గది అంతా తిరిగాయి. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. బట్టలు మడత పెట్టి ఉన్నాయి. మందులు ఏ పూటకు ఏవో చీటీలు రాసి వరసగా పెట్టి ఉన్నాయి. అది ఎవరి చేతిరాతో ఆమెకు తెలుసు.

"ఏమైనా చెయ్యాలా పిన్నీ?" అంది.

"అన్నీ అయిపోయాయమ్మా. అందరూ వచ్చారు, అన్నీ చేశారు" అంది ముసలావిడ. తర్వాత పక్కకు జరిగి, మంచం మీద చోటు చూపించింది. "ఊరికే కూర్చో."

టేపు అక్క కూర్చుంది. ముసలావిడ తాత గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళయిన కొత్తలో సైకిలు నేర్పిస్తానని ఎలా పడేశాడో చెప్పింది. బయట ఎవరో పంపు తిప్పుతున్నారు. చేయవలసిన పని ఏదీ లేక, టేపు అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది.